కీమో ఆగాక పిల్లల మనసులో మొదలయ్యేది

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది బ్లడ్ క్యాన్సర్. అందులోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, డాక్టర్లు క్లుప్తంగా ఏఎల్ఎల్ అనేది. దీని చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి కొన్ని నెలలు ఆసుపత్రి చుట్టూనే గడుస్తాయి. నరంలోకి విన్‌క్రిస్టిన్, కండలోకి యాస్పరాజినేజ్, నోటి ద్వారా స్టెరాయిడ్, వెన్నులోకి మెథోట్రెక్సేట్ సూది, తుంటి ఎముక నుంచి బోన్ మ్యారో పరీక్ష, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోయినప్పుడల్లా రక్తం, ప్లేట్‌లెట్లు. తర్వాత వచ్చేది మెయింటెనెన్స్ దశ: రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. చివరికి ఒక రోజు డాక్టరు "ఇక మందులు ఆపేయండి" అంటారు. ఇంట్లో స్వీట్లు పంచుతారు, తిరుపతి వెళ్లి మొక్కు తీర్చుకుంటారు. సరిగ్గా ఆ వారాల్లోనే చాలా ఇళ్లలో నిద్ర కరువవుతుంది.

ఇందులో వింతేమీ లేదు. రాత్రి మాత్ర వేస్తున్నంత కాలం జబ్బుకు ఏదో ఒకటి అడ్డంగా ఉందన్న ధైర్యం ఉంటుంది. మాత్ర ఆగగానే ఆ ధైర్యం పోతుంది. నెలకు రెండుసార్లు పలకరించే నర్సు, ఫోన్ ఎత్తే డ్యూటీ డాక్టరు, పక్క మంచం తల్లులు, అందరూ ఒక్కసారిగా దూరమవుతారు. చికిత్స నడిచినన్నాళ్లూ ఏడవడానికి తీరిక దొరకని తల్లికి అప్పుడు దొరుకుతుంది. పిల్లవాడు మాత్రం "అంతా అయిపోయింది కదా, అమ్మ ఇంకా ఎందుకు ఏడుస్తోంది" అని చూస్తూ, తనకు తోచిన సమాధానం తానే చెప్పుకుంటాడు. సాధారణంగా ఆ సమాధానం నిజం కన్నా భయంకరంగా ఉంటుంది.

భయానికి ఆధారం లేదని చెప్పడం కూడా సరికాదు. ఏఎల్ఎల్ తిరగబెడితే ఎక్కువగా చికిత్స నడుస్తుండగానో, ఆపిన తొలి రెండేళ్లలోనో తిరగబెడుతుంది. ఏడాది గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతూ పోతుంది. అందుకే ఫాలో అప్ మొదట్లో నెలకో రెండు నెలలకో ఒకసారి ఉంటుంది, తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు, చివరికి ఏడాదికి మారుతుంది. విరామం పెరగడమంటే ప్రమాదం తగ్గిందని అర్థం. ఈ ఒక్క మాట ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల కొన్ని కుటుంబాలు "ఇక మమ్మల్ని పట్టించుకోవడం మానేశారు" అనుకుంటాయి.

జ్వరం సంగతీ అంతే. కీమో నడుస్తున్నప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది అత్యవసరం, అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. రెండున్నరేళ్లు అలా పరుగెత్తిన కుటుంబానికి మందులు ఆగాక వచ్చే మామూలు జలుబు జ్వరం కూడా అదే దడ పుట్టిస్తుంది. ఆఖరి రోజున డాక్టరు దగ్గర ఒక కాగితం మీద రాయించుకోవాల్సినవి మూడున్నాయి: ఎన్ని నెలల వరకు జ్వరాన్ని పాత పద్ధతిలోనే చూడాలి, ఆ తర్వాత ఎన్ని రోజుల జ్వరానికి రక్తపరీక్ష చేయించాలి, జ్వరం లేకపోయినా ఏయే లక్షణాలకు ఫోన్ చేయాలి. ఒంటి మీద నీలి మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, తగ్గని ఎముకల నొప్పి, పాలిపోవడం, మెడలో గడ్డలు, ఉదయం పూట వాంతులతో కూడిన తలనొప్పి, మగపిల్లల్లో నొప్పి లేని వృషణాల వాపు ఆ జాబితాలో ఉంటాయి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికిస్తే తల్లి రోజుకు నాలుగుసార్లు పిల్లవాడి మెడ తడిమి చూడటం తగ్గుతుంది. తడిమిన ప్రతిసారీ పిల్లవాడికి చేరే కబురు ఒకటే: నాకు ఇంకా బాగోలేదు.

లెక్కలు చెప్పేది

ఈ పిల్లలందరి మనసూ దెబ్బతింటుందనుకుంటే పొరపాటు. అమెరికాలోని మెంఫిస్‌లో ఉన్న సెయింట్ జూడ్ ఆసుపత్రిలో షాన్ ఫిప్స్ బృందం 2014లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మిగిలే మానసిక గాయం, ఇతర పిల్లల్లో కన్నా ఎక్కువేమీ లేదు. పిల్లలు చాలావరకు తట్టుకుంటారు. అదే దేశంలో, 1970, 80 దశకాల్లో చికిత్స పొంది పెద్దవాళ్లయిన వేల మందిని పరిశీలించిన చైల్డ్‌హుడ్ క్యాన్సర్ సర్వైవర్ స్టడీ 2010లో మరో సంగతి చెప్పింది. జీవితానికి అడ్డుపడే స్థాయిలో పీటీఎస్‌డీ లక్షణాలున్న వాళ్లు బయటపడ్డ వాళ్లలో 9 శాతం, వాళ్ల తోబుట్టువుల్లో 2 శాతం.

రెండూ కలిపి చదివితే ఒక ఆలోచన తోస్తుంది. మొదటిది పిల్లల గురించి, రెండోది పెద్దవాళ్ల గురించి. ఆనాటి చికిత్సలో తలకు రేడియేషన్ ఎక్కువగా ఇచ్చేవారు, కాబట్టి ఆ అంకెను ఈ కాలానికి, ఈ ప్రాంతానికి యథాతథంగా తెచ్చుకోకూడదు. అయినా దిశ స్పష్టంగానే ఉంది. చిన్నప్పుడు తట్టుకున్న మనసు ఉద్యోగం, పెళ్లి, సంతానం వంటి ప్రశ్నలు ఎదురైనప్పుడు ఒక్కసారిగా కుదుపుకు లోనవుతుంది. ఐదేళ్ల వయసులో జరిగినదాని అర్థం పద్దెనిమిదో ఏట తెలుస్తుంది. అప్పుడు పక్కన ఆ విషయం మాట్లాడే మనిషి ఉన్నారా లేదా అన్నదే తేడా. తెలుగు ఇళ్లలో ఎక్కువగా ఉండరు. ఎందుకంటే జబ్బు పేరు ఆ ఇంట్లో ఎప్పుడూ పలకలేదు.

పేరు దాచడం వల్ల ఏమవుతుంది

"బ్లడ్‌లో ఇన్ఫెక్షన్", "ప్లేట్‌లెట్స్ తగ్గాయి", "పెద్ద జ్వరం". పిల్లలకు, చుట్టాలకు, బడికి చెప్పే మాటలివి. తెలిస్తే పిల్ల తట్టుకోలేదన్న ప్రేమ ఒక కారణం. రేపు సంబంధాలు రావన్న భయం ఇంకో కారణం, ఆడపిల్ల అయితే ఇదే ముందుంటుంది. రెండూ నిజమైన కారణాలే, ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ దాచడం దాదాపు ఎప్పుడూ నెరవేరదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేను ఆటోవాళ్లు కూడా క్యాన్సర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. బసవతారకం ఆసుపత్రి పేరులోనే ఆ మాట ఉంది, విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా ఆసుపత్రి పేరులోనూ ఉంది. చదవడం వచ్చిన పిల్లలు బోర్డు చదువుతారు, ఫైలు తిరగేస్తారు, ఫోన్‌లో మందు పేరు వెతుకుతారు. తెలిసిందని మాత్రం చెప్పరు. అమ్మానాన్నలు దాస్తున్నారంటే అది మాట్లాడకూడని సంగతి అని గ్రహిస్తారు. అక్కడి నుంచి భయాన్ని ఒంటరిగా మోస్తారు.

చిన్న పిల్లల విషయంలో మరో చిక్కుంది. కారణం చెప్పకపోతే కారణాన్ని వాళ్లే కల్పించుకుంటారు. "తమ్ముణ్ణి కొట్టినందుకు దేవుడు ఇలా చేశాడు" అని ఆరేళ్ల పిల్ల నిజంగా నమ్మగలదు. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి అనో, పూర్వజన్మ పాపమనో అంటుంటే ఆ నమ్మకం గట్టిపడుతుంది.

చెప్పడమంటే ఒకేసారి కూర్చోబెట్టి అంతా కుమ్మరించడం కాదు, వయసుకు తగినంత విడతలవారీగా అందించడం. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు నాలుగు మాటలు చాలు: "నీ రక్తంలో చెడ్డ కణాలు పుట్టాయి. మందులు వాటిని పోగొట్టాయి. నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఇది ఎవరికీ అంటుకోదు." ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య జబ్బు పేరు చెప్పాలి. రక్తం ఎముకల మూలుగలో తయారవుతుందని, జుట్టు రాలింది జబ్బు వల్ల కాక మందు వల్లనని ఆ వయసులో చక్కగా అర్థమవుతుంది. పన్నెండు దాటాక మందుల పేర్లు, ఎకో (గుండె స్కాన్) ఎందుకు తీస్తున్నారు, ఎప్పటిదాకా రావాలి అన్నవి. పదిహేను నుంచి ఫైలు వాళ్ల చేతికివ్వాలి, ఫాలో అప్‌లో కొన్ని నిమిషాలైనా తల్లిదండ్రులు బయట కూర్చొని డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వాలి. అడిగిన ప్రశ్నకు తెలియకపోతే "వచ్చేసారి డాక్టరును ఇద్దరం కలిసి అడుగుదాం" అనడం చాలు. "అదంతా నీకెందుకు, చదువుకో" అన్న మాట మాత్రం ఆ తలుపును ఏళ్ల తరబడి మూసేస్తుంది.

బంధువులకు ఎంత చెప్పాలన్నది వేరే ప్రశ్న. అందరికీ చెప్పనవసరం లేదు. అయితే ఎవరికి చెప్పాలో నిర్ణయించడంలో పిల్లలకు పాత్ర ఉండాలి. తెలియని మనిషి అడిగితే చెప్పడానికి ఒక చిన్న జవాబు ముందే సిద్ధం చేసుకుంటే మేలు: "చిన్నప్పుడు ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు బాగున్నాను." ఇది అబద్ధం కాదు, గుచ్చిగుచ్చి అడిగేందుకు సందూ ఇవ్వదు.

పక్క మంచం ఖాళీ అయినప్పుడు

దీని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. వార్డులో నెలల తరబడి కలిసి ఆడుకున్న పిల్లల్లో కొందరు బతకరు. పెద్దవాళ్లు "వాడు ఊరెళ్లిపోయాడు" అంటారు. పిల్లలు నమ్మినట్టు నటిస్తారు. తల్లుల వాట్సాప్ గ్రూపులో వచ్చే ఫొటోలు, దండం పెట్టే గుర్తులు వాళ్ల కంటపడుతూనే ఉంటాయి. బయటపడ్డ పిల్లల్లో కనిపించే అపరాధ భావానికి మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది: ఒకే జబ్బు, ఒకే మందు, వాడు పోయాడు, నేను మిగిలాను.

"నువ్వు పులిలా పోరాడావు, అందుకే గెలిచావు" అన్న పొగడ్త ఇక్కడే హాని చేస్తుంది. అలాగైతే పోయిన స్నేహితుడు సరిగా పోరాడలేదా? రేపు జబ్బు తిరగబెడితే తప్పు నాదా? పిల్లలు ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంటారు. నిజం చెప్పడం తేలిక, మేలు కూడా: జబ్బులో రకాలుంటాయి, కణాల్లోని జన్యుమార్పులు వేరు, మొదటి నెల మందుకు ఒక్కో ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుంది, ధైర్యంతో దీనికి సంబంధం లేదు. చనిపోయిన సంగతి తెలిసిన వెంటనే పిల్లలకు నేరుగా చెప్పి, గుర్తుగా ఏదైనా చేయాలనుకుంటే చేయనివ్వాలి. బొమ్మ గీయడం, దీపం పెట్టడం, ఆ తల్లికి ఫోన్ చేయడం, ఏదైనా సరే.

కష్టం నుంచి మనిషి ఎదుగుతాడన్న ఆలోచనను మనస్తత్వవేత్తలు టెడెస్కీ, క్యాల్‌హూన్ 1996లో కొలిచే పద్ధతితో సహా ముందుకు తెచ్చారు. అలాంటి ఎదుగుదల నిజంగానే చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. సానుభూతి, తొందరగా వచ్చే పరిణతి, డాక్టరో నర్సో కావాలన్న కోరిక. తనంతట తాను వస్తే మంచిదే. "ఇంత గండం గడిచాక ఇంకా అల్లరేమిటి, దేవుడు నిన్ను ఎందుకో బతికించాడు" అని రుద్దితే మాత్రం అది బరువే. గండం గడిచిన పిల్లలకూ మార్కులు తక్కువ తెచ్చుకునే హక్కు, అలిగే హక్కు ఉన్నాయి.

సూది భయాన్ని తగ్గించే పద్ధతి

మూడేళ్లలో వందల సూదులు పడ్డ ఒళ్లు స్పిరిట్ వాసనకే వణుకుతుంది. ఇది పిరికితనం కాదు. వాసన, శబ్దం, నొప్పి మెదడులో కలిసి ముడిపడిపోయాయి. కొందరికి సెలైన్ ఎక్కించేటప్పుడు నోట్లో తెలిసే రుచి గుర్తొచ్చినా వాంతి వస్తుంది. ఈ భయం వల్ల పెద్దయ్యాక ఫాలో అప్ మానేసే ప్రమాదముంది కాబట్టి దీన్ని పట్టించుకోవాలి.

మొదటి పని నొప్పిని నిజంగా తగ్గించడం. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన తిమ్మిరి క్రీమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. సూది వేసే చోట మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, కనీసం గంటసేపు ఉంచాలి. ఎక్కువమంది చేసే పొరపాటు పావుగంట ముందు రాసి "పనిచేయలేదు" అనడం. ఎంత రాయాలో వయసు, బరువు చూసి డాక్టరును అడగాలి.

రెండోది మెట్లుమెట్లుగా అలవాటు చేయడం. పిల్లలతో కూర్చొని భయానికి 0 నుంచి 10 అంకెలు వేయించాలి. సూది బొమ్మ చూడటం 2, సూది లేని సిరంజి చేత్తో పట్టుకోవడం 3, స్పిరిట్ దూది వాసన 5, చేతికి రబ్బరు పట్టీ కట్టించుకోవడం 6, ల్యాబ్‌లో కూర్చొని ఏమీ చేయించుకోకుండా తిరిగి రావడం 7, నిజమైన రక్తపరీక్ష 9. కింది మెట్టు దగ్గర భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి, ఆ తర్వాతే పైమెట్టు. భయం తారస్థాయిలో ఉండగా మధ్యలో లేపుకొని వెళ్లిపోతే అది మరింత బలపడుతుంది. ఈ మెట్లు ఎక్కలేకపోవడానికి ఎక్కువగా కారణం మధ్యలో మెట్లు ఎగరేయడం, లేదా "ఈరోజు సూది లేదులే" అని మోసం చేసి వేయించడం. ఒక్కసారి మోసపోయిన పిల్లలు తర్వాత పదిసార్లు నిజం చెప్పినా నమ్మరు.

సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయే వాళ్లకు ఊపిరి వ్యాయామం సరిపోదు, బీపీ పడిపోవడమే అక్కడ సమస్య. సూది వేయని చేతిని, తొడలను, పొట్టను 10 నుంచి 15 సెకన్లు బిగించి, 20 నుంచి 30 సెకన్లు వదలాలి. ఇలా ఐదుసార్లు. బిగింపు వల్ల బీపీ పైకి లేస్తుంది. మిగతా వాళ్లకు మాత్రం నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం బాగా పనిచేస్తుంది.

ఫాలో అప్‌కు వారం ముందు నుంచే చిరాకు, కడుపునొప్పి, నిద్రలో కేకలు రావడం సహజం. పరీక్ష ఏ రోజు, రిపోర్టు ఏ గంటకు, ఎవరు చెబుతారు అన్నవి ముందే తెలిస్తే ఎదురుచూపు కాస్త కుదురుతుంది. రిపోర్టు బాగుంటే ఆ మాట పిల్లల ముఖం చూసి వాళ్లకే చెప్పాలి. తలుపు బయట గుసగుసలాడితే మంచి వార్త కూడా చెడ్డ వార్తగానే వినిపిస్తుంది.

బడి, మతిమరుపు, "బద్ధకం"

తిరిగి బడికి వెళ్లడం చికిత్స అంత ముఖ్యం. ఆలస్యం చేసేకొద్దీ భయం పెరుగుతుంది. మొదటి రెండు వారాలు సగం పూట, తర్వాత పూర్తి రోజు అన్న పద్ధతి చాలామందికి నప్పుతుంది. హెడ్‌మాస్టరుకు ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం తీసుకెళ్లాలి. అందులో ఉండాల్సినవి: జబ్బు అంటుకునేది కాదు, ఏ ఆటలు ఆడవచ్చు, నీళ్ల సీసా, టోపీ, బాత్రూమ్‌కు అనుమతి, క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ లేదా తట్టు వస్తే అదే రోజు ఇంటికి ఫోన్ చేయాలన్న సూచన. ఈ చివరిది ఎన్నాళ్లు అవసరమో డాక్టరే చెప్పాలి. వేళాకోళం చేసే పిల్లలను తిట్టడం కన్నా క్లాసు టీచరు ఐదు నిమిషాలు మాట్లాడటం మేలు. ఏం చెప్పాలి, ఆ సమయంలో తాను క్లాసులో ఉండాలా వద్దా అన్నది ఆ పిల్లలనే అడగాలి.

చదువులో వెనకబాటును మనసు బాధగా, మనసు బాధను బద్ధకంగా పొరబడటం ఇక్కడ పెద్ద చిక్కు. తలకు రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో, అందులోనూ చాలా చిన్న వయసులో తీసుకున్న వాళ్లలో, ఏకాగ్రత, పని వేగం, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకొనే శక్తి తగ్గవచ్చు. వెన్నులోకి ఇచ్చిన మెథోట్రెక్సేట్ వల్లా కొందరిలో స్వల్పంగా ఇదే జరుగుతుంది. తెలివి పోదు, వేగం తగ్గుతుంది. లెక్క తెలుసు కానీ పరీక్ష టైము చాలదు. మూడు పనులు ఒకేసారి చెబితే రెండు గుర్తుంటాయి. ఇది చికిత్స ముగిసిన వెంటనే కాక మూడు నాలుగేళ్లకు, ఐదారు తరగతుల్లో సిలబస్ బరువెక్కాక బయటపడుతుంది. అప్పటికి క్యాన్సర్ సంగతి అందరూ మరచిపోయి ఉంటారు, "ఇంతకుముందు బాగా చదివేవాడు, ఇప్పుడు ఒళ్లు వంగడం లేదు" అంటారు. రోజూ ఆ మాట వినే పిల్లలకు దిగులు పట్టడంలో ఆశ్చర్యం లేదు.

అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ మార్గదర్శకాల ప్రకారం, ముప్పు ఉన్న పిల్లలకు దీర్ఘకాల ఫాలో అప్‌లో చేరగానే ఒకసారి, ఆపైన పై తరగతులకు మారే దశల్లో అవసరాన్ని బట్టి న్యూరోసైకాలజీ పరీక్ష, అంటే ఏకాగ్రత, జ్ఞాపకం వంటి మెదడు పనులను కొలిచే పరీక్ష, చేయించాలి. తెలుగు రాష్ట్రాల్లో క్లినికల్ సైకాలజిస్టులు పిల్లల ఐక్యూ కొలిచే మాలిన్స్ స్కేలు వంటి పరీక్షలు చేస్తారు. అయితే "ఐక్యూ 95" అన్న ఒక్క అంకెతో రిపోర్టు ముగిస్తే ఉపయోగం లేదు, వేగం, ఏకాగ్రత, జ్ఞాపకం విడివిడిగా కొలవమని అడగాలి. వైకల్య ధ్రువపత్రం ఉన్నవాళ్లకు పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2016 వైకల్య హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో క్యాన్సర్ లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, చలన వైకల్యం, చూపు లోపం ఉన్నాయి. కాబట్టి జబ్బు పేరుతో కాక, అది మిగిల్చిన లోపం పేరుతో దరఖాస్తు చేయాలి. ఈ తేడా తెలియక వెనక్కి తిరిగి వచ్చేవాళ్లుంటారు.

ఇంట్లో మరో పిల్ల

జబ్బు పడ్డ పిల్ల చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటే, అమ్మమ్మ ఇంట్లో రెండేళ్లు గడిపిన అన్నకో చెల్లికో తిరిగి వచ్చాక తన చోటు కనిపించదు. వాళ్లలో కోపం, ఆ కోపం మీద సిగ్గు రెండూ ఉంటాయి. వారంలో ఒక గంట, క్యాన్సర్ ఊసే లేకుండా, తల్లో తండ్రో ఆ పిల్లలతోనే గడపడం చిన్న పనే కానీ ఫలితం పెద్దది. బయటపడ్డ పిల్లలకు కూడా ఇంటి నియమాలు తిరిగి వర్తించాలి. స్టెరాయిడ్ రోజుల్లో అర్ధరాత్రి బిర్యానీ అడిగినా తెచ్చారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వచ్చే ఆకలి, కోపం, ఏడుపు నిజమైనవి కాబట్టి అప్పుడు అది సరే. మందు ఆగాక కూడా అన్నిటికీ సరే అంటుంటే "నేనింకా పోతానేమోనని భయపడుతున్నారు" అని వాళ్లు అర్థం చేసుకుంటారు. తల్లిదండ్రుల్లో మానసిక గాయం పిల్లల్లో కన్నా ఎక్కువగా కనిపించడం ఈ రంగంలో పనిచేసే అందరికీ తెలిసిందే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మనస్తత్వవేత్త యాన్ కజాక్ బృందం అందుకే కౌమార పిల్లలను, తల్లిదండ్రులను, తోబుట్టువులను ఒకే రోజు నాలుగు విడతల్లో కూర్చోబెట్టే కార్యక్రమం రూపొందించింది.

ఎప్పుడు వైద్య సాయం కావాలి

చికిత్స ఆగిన తొలి నెలల్లో పక్క తడపడం, అమ్మను వదలకపోవడం, చీకటి భయం చిన్న పిల్లల్లో మామూలే, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన ఆటల మీద ఆసక్తి పోవడం, నిద్ర, తిండి తారుమారు కావడం ఉంటే చూపించాలి. ఆసుపత్రి జ్ఞాపకాలు అడ్డూఅదుపూ లేకుండా రావడం, పీడకలలు, ఉలికిపాటు, ఆ దారి గుండా కూడా వెళ్లనని మొండికేయడం నెల దాటితే అది మానసిక గాయం కిందకు వస్తుంది. దానికి ఎక్కువ ఆధారాలున్న చికిత్స ట్రామా (మానసిక గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ అనే మాటల చికిత్స, సాధారణంగా 12 నుంచి 16 విడతలు, కొన్నిటిలో తల్లిదండ్రులూ ఉంటారు. మందు అవసరమైతే పిల్లల్లో డిప్రెషన్‌కు ఎక్కువ ఆధారాలున్నది ఫ్లూయాక్సిటిన్. గుండెను దెబ్బతీయగల కీమో మందులు డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్ ఎంత పడ్డాయో సైకియాట్రిస్టుకు తప్పక చెప్పాలి, కొన్ని మానసిక మందులు గుండె లయను మారుస్తాయి. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా ఆగకూడదు. నేరుగా అడగాలి, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.

కౌమారంలో దిగులు మరో వేషంలో వస్తుంది: మాత్రలు మానేయడం. మెయింటెనెన్స్ దశలో ఉన్న పదిహేనేళ్ల వాళ్లు మెర్కాప్టోప్యూరిన్‌ను డస్ట్‌బిన్‌లో పడేసి వేసుకున్నామంటారు. అమెరికాలో స్మితా భాటియా బృందం తేల్చిన ప్రకారం, 95 శాతం కన్నా తక్కువ మోతాదులు వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండు రెట్ల పైనే. తిట్టడం వల్ల దాచడం పెరుగుతుంది. రాత్రి ఒకే వేళకు, ఎదురుగా, మాటల మధ్య వేయించడమే సరైన దారి.

పదహారు దాటాక

ముంబై టాటా మెమోరియల్‌లో 1991లోనే చికిత్స ముగిసిన పిల్లల కోసం ఏసీటీ (ఆఫ్టర్ కంప్లీషన్ ఆఫ్ థెరపీ) క్లినిక్ మొదలైంది. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ నీడన బయటపడ్డ యువతీ యువకులే నడుపుకునే ఉగమ్ బృందం ఉంది. ఇలాంటి చోట్ల ఒక ఇరవై రెండేళ్ల ఉద్యోగిని, తన జబ్బే వచ్చి బాగుపడ్డ మనిషిని, కళ్లారా చూడటం పదహారేళ్ల పిల్లలకు ఏ కౌన్సెలింగూ ఇవ్వలేని ధైర్యాన్నిస్తుంది.

ఈ వయసులో చేతిలో ఉండాల్సింది చికిత్స సారాంశం: జబ్బు పూర్తి పేరు, మొదలైన, ముగిసిన తేదీలు, ప్రతి మందు పేరు, డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ మొత్తం మోతాదులు, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత), ఎక్కించిన రక్తం, ఆపరేషన్లు, వచ్చిన ఇబ్బందులు. ఆసుపత్రులు పాత ఫైళ్లను ఎప్పటికీ ఉంచవు కనుక మందులు ఆగిన ఏడాదిలోపే తీసుకోవాలి. ఈ అంకెలు భయానికి హద్దు గీస్తాయి. డాక్సోరూబిసిన్ శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు లేదా అంతకు పైబడితే రెండేళ్లకోసారి ఎకో, 100 నుంచి 250 మధ్య అయితే ఐదేళ్లకోసారి. "నా గుండె ఎప్పుడు ఆగిపోతుందో" అన్న బెంగ ఉన్న మనిషికి ఇది క్యాలెండరులో రాసుకోగల పని.

సంతానం గురించి అడగడానికి సిగ్గుపడి, పెళ్లికి ముందు రాత్రుళ్లు నిద్ర మానుకునే వాళ్లు ఎక్కువ. మామూలు ఏఎల్ఎల్ చికిత్సలో సైక్లోఫాస్ఫమైడ్ మోతాదు సాధారణంగా చదరపు మీటరుకు 4 గ్రాముల లోపే ఉంటుంది, ఆ స్థాయిలో సంతాన సామర్థ్యం దెబ్బతినే అవకాశం తక్కువ. పొట్టకు, వృషణాలకు రేడియేషన్ పడినా, మూలుగ మార్పిడి జరిగినా లెక్క వేరు, అప్పుడు హార్మోన్ పరీక్షలు, మగవాళ్లకు వీర్య పరీక్ష చేయిస్తారు. వంశపారంపర్య రకాలు కానంత వరకు బయటపడ్డ వాళ్లకు పుట్టే పిల్లల్లో క్యాన్సర్ గానీ, పుట్టుక లోపాలు గానీ ఎక్కువగా ఉండవు. పెద్ద మినహాయింపు కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా. రెండు కళ్లకూ వస్తే అది వంశపారంపర్య రకమే, బిడ్డకు ఆ జన్యువు చేరే అవకాశం సగానికి సగం. కాబట్టి గర్భానికి ముందే జన్యు సలహా, పుట్టిన వెంటనే కంటి పరీక్ష కావాలి. ఐదేళ్లలోపే కన్ను తీసేయించుకుని, కృత్రిమ కన్నుతో పెరిగి, ఎందుకో ఎవరూ చెప్పని పిల్లలకు ఈ సంగతి ఇరవై ఐదో ఏట తొలిసారి తెలియడం అన్యాయం.

కాబోయే భర్తకు, భార్యకు ఎప్పుడు చెప్పాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. తొలి చూపులనాడే చెప్పనక్కర్లేదు, నిశ్చితార్థం దాటనివ్వకూడదు. డాక్టరు రాసిన ఒక పేజీ సారాంశం వెంట ఉండాలి: ఏ సంవత్సరంలో చికిత్స ముగిసింది, ఇప్పుడు ఏ మందూ వాడటం లేదు, ఏటా ఏ పరీక్షకు వెళ్తున్నారు. కావాలంటే ఇద్దరూ కలిసి ఫాలో అప్ క్లినిక్‌కు వెళ్లి డాక్టరును అడగవచ్చు. ఆ మాటలు చెప్పాల్సింది తల్లిదండ్రులు కాదు, ఆ యువతీ యువకులే. చిన్నప్పటి నుంచి జబ్బు పేరును మామూలు గొంతుతో పలికిన ఇంటి పిల్లలకు ఆ రోజు కొత్తగా నేర్చుకోవాల్సిన మాటలేవీ ఉండవు.